గోడ కింద నలుగురు

నరసరావుపేటలోని ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ తెర చూడగానే కృపానందం అసహ్యంగా మొహం చిట్లించాడు.

యాభై ఏళ్ల కిందటి యుద్ధంలో ఆయన నేవీ ఓడ మీద బొమ్మలు గీసేవాడు. శత్రుతీరం కనబడగానే బైనాక్యులర్స్‌లో చూసి బురుజులు, ఫిరంగులు కాగితం మీదికి దించడం ఆయన పని. ఆ బొమ్మలు చూసే మనవాళ్లు ఓడ ఫిరంగులు పేల్చేవారు. ఒక్క చిత్తుప్రతి ఆయన దగ్గర మిగిలింది. అందులో కోటగోడ, మూడు ఫిరంగులు, గోడ కింద ఇసుకలో చేపలు ఎండబెట్టుకుంటున్న నలుగురు ఆడవాళ్లు.

పంద్రాగస్టుకు ఆయనకు సన్మానం చేస్తామన్న కమిటీవాళ్లు ఆ బొమ్మతోనే ఫ్లెక్సీ వేయిస్తున్నారు. తెర మీద గోడ ఉంది, ఎవరూ అడగని మంటలు కూడా ఉన్నాయి. ఆడవాళ్లు లేరు. వాళ్లున్నచోట కమిటీ పెద్దల తలకాయలు తొమ్మిది, వరసగా పళ్లికిలిస్తున్నాయి. ఛీ, చేపల కంపే నయం!

“ఆడోళ్లేరిరా వంశీ?” అని కంప్యూటర్ ముందున్న కుర్రాణ్ణి అడిగాడు.

“తీసేశా తాతా. కిందంతా ఫొటోలకే సరిపోయింది. మనకి కావాల్సింది కోటేగా, వాళ్లు అడ్డం.”

ఆనాడు పై అధికారి అన్నదీ అదే. సాపు ప్రతిలో మనుషులొద్దు, అడ్డం అన్నాడు. కృపానందం కిక్కురుమనకుండా రబ్బరు తీసుకుని అందులోంచి నలుగురినీ చెరిపేశాడు. మర్నాడు పొద్దున్నే గోడ కూలింది. ఓడలో మిఠాయి పంచితే ఆయనా తిన్నాడు. ఆ పూట వాళ్లు చేపలు ఎండబెట్టడానికి వచ్చారో లేదో ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు కుర్రాణ్ణి తిడదామని నోరు తెరిచాడు గానీ, అసహ్యమంతా తన మీదికే తిరిగింది.

“వాళ్లని మళ్లీ పెట్టు.”

“యాడ పెట్టేది? పెద్దల్లో ఒక్క ఫొటో తగ్గినా షాపు మీదకొస్తారు.”

ఫ్లెక్సీలో పైన ఆకాశం నిండా తన ఫొటోయే ఉంది, తెల్లగా, నున్నగా.

“అది పీకేసి ఆడ పెట్టు.”

“సన్మానమే నీకు గదా తాతా!”

కృపానందం తెర మీద తన ఫొటోకే వేలు ఆనించి చూపించాడు. వంశీ గొణుక్కుంటూ ఫొటో తీసేసి నలుగురినీ అక్కడ అతికించాడు. ఫిరంగుల మీద, మబ్బుల్లో కూర్చుని వాళ్లు చేపలు ఎండబెట్టుకుంటున్నారు.

“చానా ఎబ్బెట్టుగా ఉంది. ఆకాశంలో ఈ ఆడోళ్లేందని జనం అడిగితే?”

“అడగనీరా. మైకు నాకే ఇస్తారుగా. రబ్బరు పట్టుకున్నోడు ఎవుడో ఆడ చెబుతా.”