రొయ్యల గంపలో గడ్డి

ఎనభైల మొదట్లో చర్ల సంతలో పాల్వంచ సాబిర్ ఎండురొయ్యలంటే మంచి గిరాకీ. ఎంత ముసురు పట్టినా వాటికి పురుగు పట్టేది కాదు. గంపలో పొరపొరకూ పరిచిన ఉప్పగడ్డే దాని కిటుకు. తండా నుంచి వచ్చే జమ్లి రొయ్యలు కొంగులో పోయించుకుని, అంటుకొచ్చిన గడ్డిపోచలు దులిపి పారేసేది. ఆమె ఒక్కతే కాదు, మనమూ అంతే. సరుకు కొంటాం గాని, దాని కింద పరిచిన గడ్డి ఎక్కడిదని అడుగుతామా?

ఆ గడ్డి గోదావరి సముద్రంలో కలిసే మొగలో, నీటి అడుగున మొలుస్తుంది. అక్కడి ముత్తక్క రొయ్యలు ఎండబెట్టి సాబిర్‌కు అమ్మేది. అలలకు ఒడ్డుకు కొట్టుకొచ్చి నల్లబడిన గడ్డి ఏరి గంపల్లో పరిచేది. ఓ ఏడు సాబిర్ దానికి వంక పెట్టాడు.

"గీ నల్లగడ్డి వద్దక్కా, సరుకు పాతదనుకుంటున్నరు. పచ్చిది పీకి ఎండబెట్టు. లేకుంటే ఇంకో ఊరు చూసుకుంట."

మర్నాడే ముత్తక్క ఊరు ఊరంతా నీళ్లలోకి దిగింది.

నాలుగేళ్లు తిరిగాక సాబిర్ వెళ్లేసరికి ఆమె వాకిట్లో గడ్డి మోపులున్నాయి, రొయ్యలు సగం గంపైనా లేవు. మొగలో నీళ్లు బురదెత్తి ఉన్నాయి. ఆమె కూతురు ఇటుకబట్టీ పనికి వలసపోయింది.

"రొయ్యపిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే సాయిబు గారూ. పీకొద్దని మా మావ మొత్తుకుంటానే ఉన్నాడు" అంది ముత్తక్క.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే కొనేవారా? ఇంకో ఊరు చూసుకుంటానంటిరిగా!"

సాబిర్ ఖాళీ గంపతో తిరిగొచ్చాడు.

తర్వాతి సంతలో జమ్లి ఖాళీ గంప చూసి నిలదీసింది. సముద్రం మీద నెట్టేద్దామని నోటిదాకా వచ్చింది గాని, సాబిర్ మనసొప్పలేదు. జరిగిందంతా చెప్పాడు. "తప్పు నాదే" అన్నాడు.

"ఇప్పపువ్వు రాలిందే ఏరుకుంటం సాబిర్ భాయ్. పువ్వు కోసం చెట్టు పీకుతమా? గీ అడవిల చిన్నపోరికి గూడ ఎరుకే గది" అంది జమ్లి.

సిగ్గుతో చచ్చిపోయాడు సాబిర్. వారం తిరక్కుండా మళ్లీ మొగకు వెళ్లాడు.

"ఒడ్డుకొచ్చిందే ఏరక్కా. పచ్చిది ముట్టొద్దు. రొయ్యలు దొరికేదాక ఎండుచేపలే కొంట, నీ దగ్గర్నే కొంట."

"పీకిన చోట మళ్లీ మొలుస్తుందో లేదో గోదారమ్మకే తెలియాలి" అంది ముత్తక్క.

సాబిర్ ఒంగి, ఒడ్డున పడి ఉన్న నల్లగడ్డి ఏరడం మొదలెట్టాడు. మన గంపలోకి వచ్చే ప్రతి ప్రాణికీ ఎక్కడో ఒక ఇల్లుంటుంది. ఆ ఇల్లు పీకి తెచ్చుకుంటే రేపు ఆ ప్రాణీ మిగలదు, దాన్ని నమ్ముకున్న మనిషీ మిగలడు.