పాస్టర్ గిల్లమ్ డిసెంబరు పేజీ

మా మరిది హోసియా నేను తన అన్న పెళ్లాన్ని కానన్నాడు. నలభై మూడేళ్లు నా చేతి వంట తిన్న మనిషి ఆ మాట అన్నాడు, అదీ కాగితం మీద టైపు కొట్టించి, కోర్టులో వేసి.

మా ఆయన లోంజో ఫిబ్రవరిలో పోయాడు. వీలునామా రాయలేదు. ఇల్లూ, నలభై ఎకరాలూ ఆయన పేరునే ఉన్నాయి. మాకు పుట్టిన ఒక్క కూతురూ ఆరేళ్లకే పోయింది. నేను ఆయన భార్యనైతే ఆ నేల నాది. కేవలం ఆయనతో కలిసి ఉన్న ఆడదాన్నైతే తమ్ముడిది. మా పెళ్లి కాగితం పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో పాత ఇంటితో పాటు కాలిపోయింది. ఆ సంగతి హోసియాకు బాగా తెలుసు. మంటలార్పడానికి బకెట్లు మోసినవాళ్లలో తనూ ఉన్నాడు.

"కౌంటీ కోర్టు పెళ్లిళ్ల పుస్తకంలో ఉంటుంది కదమ్మా, దాని నకలు తీసుకురా," అన్నాడు నా తరఫు వకీలు. "వచ్చే గురువారం విచారణ. ఆ లోపల తేకపోతే నేనేం చెయ్యలేను."

సోమవారం పొద్దున లూటీ మే తన పికప్‌లో నన్ను కోర్టుకు తీసుకెళ్లింది. లూటీ నాకు చర్చిలో తోడు, పొలంలో తోడు, పోట్లాటలోనూ తోడే. దారి పొడుగునా హోసియాను తిడుతూనే ఉంది.

"నీ పెళ్లిలో వాడు మూడు ముక్కల కేకు తిన్నాడే! నేను లెక్కపెట్టా. నాలుగోది జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడేమో పెళ్లే జరగలేదంటాడా?"

"కేకు తిన్నాడని జడ్జి ముందు చెబుతావా?"

"ఎందుకు చెప్పనూ? బైబిలు మీద చెయ్యేసి మరీ చెబుతా."

రికార్డుల గదిలో మిసెస్ ప్రూయిట్ అనే ఆవిడ ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే ఉంది. తెల్లవాళ్ల పెళ్లి పుస్తకాలు ముందు అరలో, మా నల్లవాళ్లవి లోపలి గదిలో కింది అరలో ఉంటాయి. ఇప్పుడు అందరికీ ఒకటే పుస్తకం, కానీ పాతవి ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆవిడ లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చింది.

"లేదు ఐజోరా. పంతొమ్మిది వందల ముప్పై ఒకటి, మే నెల అన్నావు. మే చూశాను, జూన్ చూశాను. పోయిన వారం మీ మరిది వకీలు కూడా వచ్చి ఆ రెండు నెలలే చూసి వెళ్లాడు. బ్యాటిల్ అనే పేరే లేదు."

"పెళ్లి లైసెన్సు ఇచ్చింది ఈ కౌంటర్ మీదేనండీ. మా నాన్న కూడా వచ్చి నా వయసు చెప్పాడు."

"ఇచ్చి ఉంటారు. లైసెన్సు ఇచ్చినంత మాత్రాన పుస్తకంలో ఎక్కదు. పెళ్లి చేసిన పాస్టరు కింది సగం నింపి, సంతకం పెట్టి, మళ్లీ ఇక్కడికి తెచ్చివ్వాలి. అప్పుడు రాస్తారు. మీ పాస్టరు తెచ్చివ్వలేదేమో."

థాంక్యూ అనేసి బయటికొచ్చాను.

కోర్టు మెట్ల పక్కన బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు విప్పాం. లూటీ తింది. నేను నాది కాగితంలో మళ్లీ చుట్టేశాను. ఆ నేలలో మొదటి ఏడాది నాగలికి గాడిద దొరక్క లోంజో కాడి తన భుజానికి తగిలించుకున్నాడు, వెనక మేడి పట్టుకున్నది నేను. అలాంటి చోటు నుంచి నేను అద్దెకున్నదానిలా గిన్నెలు సర్దుకుని బయటికి నడవాలి.

"అంతా ఆ పాస్టర్ గిల్లమ్ వల్లే," అంది లూటీ. "దేవుడు ఆయన ఆత్మకు శాంతినిచ్చుగాక, కానీ అంత నిదానపు మనిషిని నేను చూళ్లేదు. ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద చిక్కుళ్లు మాడిపోయేవి."

"నిదానం కాదే. నాలుగు చర్చిలు ఆయనకు. మనకు మూడో ఆదివారం వచ్చేవాడు. మిగతా రోజులు పొలం."

"గుర్రమైనా లేదు పాపం. ఇక్కడికి రావాలంటే రోజంతా నడకే. ఊరికే వచ్చేవాడా ఏంటి? పత్తి అమ్ముకోవడానికి తప్ప."

ఆ మాట అన్నాక లూటీ ఇంకో బిస్కెట్టు అందుకుంది. నేను మాత్రం లేచి నిలబడ్డాను.

"ఏమైందే? చీమ కుట్టిందా?"

"పత్తి ఎప్పుడు అమ్మేవాడు?"

"ఎప్పుడేంటి? అందరూ అమ్మినప్పుడే. ఏరడం అయ్యాక, క్రిస్మస్‌కు ముందు."

"పెళ్లి కాగితాలు ఎక్కడ పెట్టేవాడు?"

లూటీ నమలడం ఆపేసింది. "గోధుమపిండి డబ్బాలో. ఎలుకలు కొట్టకుండా. వాళ్లావిడ నవ్వుతూ చెప్పేది, ఏడాది పెళ్లిళ్లన్నీ మా ఇంట్లో పిండిలోనే నిద్రపోతాయి అని..."

అప్పటికి నేను మెట్లెక్కుతున్నాను.

మిసెస్ ప్రూయిట్ టైపు మిషన్ మీద నుంచి తలెత్తింది. "మళ్లీ ఏంటి?"

"ఆ పుస్తకం నేనే చూస్తానండీ."

"నువ్వా?"

"నేనే. ఇది ఎవరైనా చూసే హక్కున్న పుస్తకమే కదా?"

ఆవిడ నా మొహం వైపు చూసింది, లూటీ వైపు చూసింది. చట్టం అలాగే ఉంది మరి. చివరికి పుస్తకం తెచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టింది. ముక్కుకు బూజు వాసన తగిలింది. "నాలుగింటికి మూసేస్తాం. పేజీలు చిరగనియ్యొద్దు," అని వెళ్లిపోయింది.

చదవడం నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చింది, చర్చి కింది గదిలో, మంగళవారాలు. అచ్చు అక్షరాలైతే పరవాలేదు. ఇది చేతి రాత, అదీ ముక్కులూ తోకలూ పెట్టి రాసిన రాత. పత్తి అమ్మే రోజులని నవంబరు నుంచి మొదలుపెట్టాను, మొదటి పేజీ పూర్తవడానికి పావుగంట పట్టింది. తర్వాత ఆ గుమాస్తా చెయ్యి అలవాటైంది. నవంబరు దాటాను. డిసెంబరు మొదటి వారంలో మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

డిసెంబరు పన్నెండు దగ్గర పేజీ అడుగున ఒక పేరు కనిపించింది: ఏబ్నర్ గిల్లమ్, పాస్టరు. దాని కింద మళ్లీ ఏబ్నర్ గిల్లమ్. తర్వాతి పేజీలోనూ ఆయనే. ఒకే రోజు పదకొండు పెళ్లిళ్లు దాఖలయ్యాయి.

"చదవవే, చదువు!" అంది లూటీ నా భుజం గిల్లుతూ.

వేలు కింద పెట్టి చదివాను. జనవరిలో పెళ్లయి, ఆ తర్వాత కవల పిల్లల కాన్పులో చచ్చిపోయిన ఆర్డీలియా. కమ్మరి జూబల్. వంతెన దగ్గరి ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకే రోజు ఇద్దరు అన్నదమ్ముల్ని చేసుకున్నవాళ్లు. అందరూ పోయారు. అందరూ ఆ పేజీలో పద్దెనిమిదేళ్లవాళ్లు, ఇరవయ్యేళ్లవాళ్లు. ఏడోది లూటీ పెళ్లి.

"లూటీ మే హార్కిన్స్, ఇరవై ఒకటి," అని చదివాను.

"ఎంత?"

"ఇరవై ఒకటి. అంటే ఇప్పుడు అరవై నాలుగు. అరవై అని కదే పోయిన నెల పుట్టినరోజు చేయించుకున్నావు?"

"ఆ గుమాస్తా తప్పు రాశాడు," అంది లూటీ, కళ్లు పక్కకు తిప్పి. "నీది చూడు ముందు. నాది ఎవడడిగాడు?"

తొమ్మిదోది మాది.

అలోంజో బ్యాటిల్, ఇరవై రెండు. ఐజోరా టేట్, పద్దెనిమిది. లైసెన్సు ఇచ్చినది మే పదహారు. పెళ్లి జరిగినది మే పదిహేడు, వధువు తండ్రి ఇంట. పాస్టరు ఏబ్నర్ గిల్లమ్.

ఒకసారి లోపల చదువుకున్నాను. రెండోసారి పైకి చదివాను. మూడోసారి ఎంత గట్టిగా చదివానో నాకే తెలీదు, పక్క గదిలో పన్ను కట్టడానికొచ్చిన ఇద్దరు మనుషులు తలుపులోంచి తొంగిచూశారు. లూటీ ఆ బల్ల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగింది. మిసెస్ ప్రూయిట్ పరుగున వచ్చి, "ఇది ఆఫీసు!" అంది. తర్వాత నా వేలు ఉన్న చోటికి వంగి చూసింది.

"మే నెలది డిసెంబరులో..."

"పత్తి అమ్మాకే వచ్చేవాడండీ మా పాస్టరు."

ఆవిడ మిషన్‌లో కాగితం ఎక్కించింది. నకలు టైపు చేసింది, అక్షరం అక్షరం పుస్తకంతో సరిచూసింది, కింద సంతకం పెట్టి ముద్ర నొక్కింది. కాగితం మీద ముద్ర ఉబ్బెత్తుగా లేచింది. అది నా చేతికిస్తూ, "ఇదుగోండి, మిసెస్ బ్యాటిల్," అంది. ఆ కౌంటర్ దగ్గర నన్నెవరూ అలా పిలవలేదు. నేను కూడా ఏమీ ఎరగనట్టే తీసుకున్నాను.

గురువారం విచారణకు హోసియా కొత్త సూటులో వచ్చాడు. వాళ్ల వకీలు లేచి, మే, జూన్ నెలలు స్వయంగా చూశాననీ, ఇలాంటి పెళ్లి కౌంటీ రికార్డుల్లో లేనేలేదనీ పది నిమిషాలు చెప్పాడు. మా వకీలు నకలు జడ్జి ముందు పెట్టాడు. జడ్జి కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. కాగితం వాళ్ల వకీలుకు పంపించాడు. ఆయన చదివి, హోసియా చెవిలో ఏదో అన్నాడు. హోసియా మెడ కాలరులోకి దిగిపోయింది.

"పోయినాయనకు ఈవిడే ధర్మపత్ని. ఇల్లు, భూమి ఈవిడవి," అన్నాడు జడ్జి. "ఇంకేమైనా ఉందా?"

"నాలుగో కేకు ముక్క సంగతి ఉందయ్యా," అంది వెనక నుంచి లూటీ.

"ఎవరది?"

నేను వెనక్కి తిరిగి కళ్లెర్రజేసేసరికి లూటీ కూర్చుంది.

బయట మెట్ల మీద హోసియా నా కోసం ఆగాడు. టోపీ చేతిలో పట్టుకుని అంచు తిప్పుతున్నాడు. తప్పయిందంటాడేమో అనుకున్నాను.

"వదినా, వాగు పక్క పొలం చెక్కలో నా ఆవులున్నాయి. ఏప్రిల్ నుంచీ అక్కడే మేస్తున్నాయి. వాటి సంగతి..."

"ఎవరి నేల అది, హోసియా?"

వాడు మెట్ల వైపు చూశాడు, లూటీ పికప్ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు.

"నీదే వదినా."

"నేనెవర్ని?"

"మా అన్న భార్యవి."

"ఇంకాస్త గట్టిగా. లూటీకి చెవులు సరిగ్గా వినపడవు, అరవై నాలుగేళ్లది."

"మా అన్న భార్యవి!" అన్నాడు హోసియా. వీధి అవతల మంగలి షాపు ముందు కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఆదివారం భోజనానికి రా," అన్నాను. "కంచె విరిగిన చోట బాగుచేసి, అప్పుడు ఆవుల గురించి అడుగు. సుత్తి నువ్వే తెచ్చుకో."