నున్నటి అంచు

శుక్రవారం వస్తే హన్మాండ్లు అల్ ఖర్జ్ డెయిరీలో ఆవుల పని ముగించుకుని, పాల లారీ ఎక్కి రియాద్‌లో విశ్వనాథం ఇంటికి వచ్చేవాడు. అతనొక్కడే కాదు, మనవాళ్లు చాలామంది వచ్చేవాళ్లు. ఇంజనీరు విశ్వనాథానికి కొత్త రకం అమెరికా డాలరు నాణేలు పోగెయ్యడం పిచ్చి. ఆ నాణేలకు సంవత్సరం ముఖాన ఉండదు, అంచున చెక్కి ఉంటుంది. ఎవరు చేతిలో పట్టుకుంటే వాళ్లు ఇంటికి వెళ్లిపోయే సంవత్సరంగా అది మారుతుంది. చూసుకుని, ఆయన భార్య ఆండాళ్ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లేవాళ్లు.

హన్మాండ్లు చేతిలో మాత్రం అంకె కదిలేది కాదు. దేశం విడిచి ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడిగి మూడేళ్లయింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, "బుక్రా" అంటాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. తను వచ్చాక పుట్టిన కూతురికి ఐదేళ్లు నిండాయి.

ఆ శుక్రవారం అతను రుమాల్లోంచి ఒక డాలరు తీశాడు.

"డెయిరీల అమెరికా పశువుల డాక్టరు పోతా పోతా ఇచ్చిండు సార్. ఎంతకు వోతది?"

విశ్వనాథం అంచు తడిమి ఉలిక్కిపడ్డాడు. నున్నగా ఉంది. ఆండాళ్ పట్టుకున్నా నున్నగానే ఉంది. భూతద్దంలో ఆకురాయి గీత ఒక్కటీ లేదు. తూకం సరిపోయింది.

"టంకశాలలో అంచు చెక్కడం మర్చిపోయారయ్యా! రెండు వేల రియాళ్లు నేనే ఇస్తాను."

రెండు నెలల జీతం. హన్మాండ్లు నమ్మలేక నాణెం చేతిలోకి తీసుకున్నాడు. వేలి కింద ఏదో గరుకుగా లేచింది.

"కింద పెట్టెయ్!" విశ్వనాథం అరిచాడు. "అంకెలు మారతాయే గానీ చెరగవు. నాలుగూ పడితే అది ఉత్త డాలరే!"

హన్మాండ్లు పెట్టలేదు. ఆండాళ్ భూతద్దం వంచింది.

"రెండు... సున్నా..."

"సగం ధరైనా ఇస్తాను, వదిలెయ్యవయ్యా!"

"మల్లా రెండు వచ్చిందా అమ్మా?"

"వచ్చింది."

అక్కడ ఆగిపోయింది. వదిలేస్తే ఆ సగం డబ్బైనా దక్కుతుంది. హన్మాండ్లు పళ్లు బిగించి నిలబడ్డాడు. చివరికి కింద ఒక చిన్న గుండ్రం లేచింది.

"ఎనిమిదా అమ్మా?"

ఆండాళ్ భూతద్దం ఇంకా దగ్గరికి జరిపింది. గుండ్రం మీద ఒక కొక్కెం వంపు తిరిగి నిలిచిపోయింది.

"ఆరు," అందామె. "ఇరవై ఆరు. ఈ ఏడే హన్మాండ్లూ!"

"ధర పోయిందయ్యా," అన్నాడు విశ్వనాథం నీరసంగా.

"పోనీ సార్."

మంగళవారం పాలు పితికే షెడ్డులో ఉండగా ఫోను మోగింది. కఫీలు. "ఎగ్జిట్ పడింది. పాస్‌పోర్టు తీసుకెళ్లు," అన్నాడు అరబ్బీలో, అంతే.

చుట్టూ మనిషన్నవాడు లేడు. హన్మాండ్లు పక్కనున్న ఆవు మెడ చుట్టూ చేతులు వేసి, "నేను ఇంటికి వోతున్ననే," అని దానికే మొదట చెప్పాడు.