నొప్పి లేని మోకాలు

నేను ప్యాంట్లు కుడతాను. స్కూళ్ళు తెరిచేముందు యూనిఫాంలు, ఇంట్లో మా ఆవిడ జాకెట్లు తప్ప ముప్పై రెండేళ్ళుగా అదే పని. బజారులో అందరూ నన్ను ప్యాంట్ల మాస్టారనే పిలుస్తారు. ఎవరొచ్చినా, ఎప్పుడూ నా మెడలోనే ఉండే టేపు తీసి నడుము, సీటు, తొడ, మోకాలు అని గొంతెత్తి చదువుతూ కొలతలు రాసుకుంటాను. కాళ్ళ మధ్య కొలత తీసేటప్పుడు కొత్త పెళ్ళికొడుకులు మెలికలు తిరిగిపోతారు. "సిగ్గుపడితే ప్యాంటు బిగుస్తుంది నాయనా, తిన్నగా నిలబడు" అని నవ్వించి పని కానిస్తాను. లోకానికి ఇన్ని కబుర్లు చెప్పినవాణ్ణి, నా ఒంట్లో నొప్పి ఎక్కడుందో ఆరు నెలలపాటు కట్టుకున్న భార్యకు చెప్పలేకపోయాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. ఆ బల్లిని నేనే.

నొప్పి కుడి తొడ మొదట్లో, గజ్జల్లో. నడిస్తే ఓర్చుకోగలను. మిషను ముందు కూర్చున్నా ఫరవాలేదు. మంచం మీద ఒత్తిగిలడమే చావు. కుడివైపు తిరగబోతే లోపల ఎవరో కత్తెర మూసినట్టుండేది. దుప్పటి సర్దుకుందామని కాలెత్తినా అంతే. అందుకని ఎడమ పక్కన పడుకుని తెల్లారేదాకా కదలకుండా కట్టెలా ఉండిపోయేవాణ్ణి. మా మంచం గోడకు ఆనించి ఉంటుంది. నేను గోడవైపు, మా ఆవిడ బయటివైపు. నేను ఎడమకు తిరిగితే నాకు గోడ కనబడుతుంది, ఆవిడకు నా వీపు కనబడుతుంది.

మా ఆవిడకు ఎనిమిది నెలల కిందట ఆపరేషనయింది. గడ్డ మంచిది కాదని తేలి కుడి రొమ్ము తీసేశారు. ఇంటికి తీసుకొచ్చాక రెండు నెలలు వంట నేనే చేశాను, తల నేనే దువ్వాను. పాపిడి వంకరగా వచ్చిందని వెక్కిరించేది కూడా. ఆ తర్వాతే నాకీ నొప్పి మొదలైంది. అలాంటప్పుడు మొగుడు గోడకు తిరిగి పడుకుంటే ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. వచ్చింది. వచ్చినా నోరు విప్పలేదు. అంత రోగాన్ని పళ్ళబిగువున భరించిన మనిషి ముందు, గజ్జల్లో నొప్పి అని మూలగడమా అనుకున్నాను. అది సగం కారణం. మిగతా సగం ఒట్టి సిగ్గు.

నాలుగు నెలల కిందట ఆవిడే నన్ను ఆసుపత్రికి తరిమింది. నేను కుంటడం కనిపెట్టింది మరి. అక్కడ చూద్దును కదా, ఎముకల డాక్టరు ఒకప్పుడు నేను స్కూలు యూనిఫాం కుట్టిచ్చిన పిల్ల. పొట్టి జడలు వేసుకుని, దుకాణంలో బిస్కెట్ తింటూ నిలబడేది.

"నొప్పెక్కడ అంకుల్?" అంది.

"మోకాలమ్మా" అన్నాను. నేను అనలేదు, నా నోరు అంది.

ఎక్స్‌రే తీయించి చూసింది. "మోకాలు బంగారంలా ఉంది అంకుల్. ఇంకెక్కడైనా నొప్పుందా?"

"అబ్బే, లేదమ్మా."

అదిగో, ఆ అబద్ధం నన్ను ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. ఆ రోజు నుంచి, నేను దుకాణం కట్టి రాగానే మా ఆవిడ నూనె వేడిచేసి నా మోకాలికి రాయడం మొదలుపెట్టింది. ఆపరేషనయిన వైపు చెయ్యి పైకి సరిగా లేవదు. ఎడమచేత్తో రాసేది, అలసిపోతే ఆగి మళ్ళీ రాసేది. "హాయిగా ఉందా?" అని అడిగేది. "ఎంతో హాయిగా ఉంది" అనేవాణ్ణి తేలు కుట్టిన దొంగలా. రాయడం అయ్యాక మంచమెక్కి గోడకు తిరిగేవాణ్ణి. నా ముప్పై రెండేళ్ళ పనిలో గుడ్డ పాడుచేసిన రోజులున్నాయి, మాట తప్పిన రోజులున్నాయి. ఇంత తలవంపుల పని ఎన్నడూ చేయలేదు.

ఒకరోజు దండెం మీద ఆవిడ జాకెట్టు కనబడింది. లోపల కుడివైపు దూది పెట్టి చేత్తో కుట్టుకుంది. కుట్లన్నీ వంకరటింకర. ఇంట్లో దర్జీని పెట్టుకుని! నన్ను అడగడానికి ఆవిడకు మొహం చెల్లలేదు. ఇదేమిటని అడగడానికి నాకూ చెల్లలేదు. ముట్టుకోకుండా లోపలికి వచ్చేశాను.

ఆదివారం దుకాణానికి సెలవు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, యథాప్రకారం గోడకు తిరిగి పడుకున్నాను. వెనక బీరువా తీసిన చప్పుడైంది. తర్వాత దిండు దులిపిన చప్పుడు.

"ఏం చేస్తున్నావ్?"

"ఇవాళ్టి నుంచి ముందుగదిలో పడుకుంటానండీ. మీకిక్కడ ఇరుకవుతోంది."

"నాకేం ఇరుకు?"

"మరి బల్లిలా గోడకు అతుక్కుపోతారెందుకు?" గొంతు మామూలుగానే ఉంది. "మిమ్మల్నేం అనడంలేదు లెండి. అద్దంలో చూసుకుంటే నాకే ఎలాగో ఉంటుంది. మీరు మాత్రం ఏం చేస్తారు."

నాకు తల కొట్టేసినట్టయింది. కాదని చెప్పాలి. గోడకు కాదు, ఆవిడ మొహం చూసి చెప్పాలి. నొప్పి మాటే మరిచిపోయి ఒక్క ఉదుటున కుడివైపు తిరగబోయాను. సగంలో పట్టేసింది. అటు పోలేను, ఇటు రాలేను. "అమ్మా!" అని అరిచాను.

దిండు పడేసి పరిగెత్తుకొచ్చి నా కుడి మోకాలు రెండు చేతులా పట్టుకుంది.

"ఏమైందండీ? ఇక్కడేనా? ఇక్కడేనా?"

"అక్కడ కాదే."

"మరెక్కడ?"

"పైన."

తొడ మీద చెయ్యి వేసింది. "ఇక్కడా?"

"ఇంకా పైన. గజ్జల్లో. మోకాలు నొప్పి లేదు. ఎప్పుడూ లేదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఎప్పుడూ లేదా? మరి నాలుగు నెలలు నేను రాసిన నూనె?"

నేను కళ్ళు మూసుకున్నాను. తిడుతుందనుకున్నాను. నవ్వేస్తుందేమోనని ఆశ కూడా పడ్డాను. రెండూ చేయలేదు. ముందు నా నడుము కింద చెయ్యి పెట్టి మెల్లగా వెల్లకిలా సర్దింది. తర్వాత మంచం అంచున కూర్చుంది.

"నా ఒళ్ళు ఎంతమంది చూశారో తెలుసా? డాక్టర్లు, నర్సులు, చదువుకునే పిల్లలు, స్కానింగ్ తీసే అబ్బాయి. సిగ్గుపడే వీలు నాకెక్కడ దొరికింది? మీకు మాత్రం నా దగ్గర కూడా సిగ్గే. నేనేమో, నేనంటే వెగటు పుట్టిందని..." అక్కడ ఆపేసింది.

"లేదే" అన్నాను. ఆ పూట నా మొహం నాకే చూపించుకోవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గదిలో అడుగుపెడుతూనే, "మోకాలు కాదమ్మా, గజ్జల్లో. ఈయన నోట రాదు గాని నేను చెబుతున్నాను" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. నన్ను బల్లమీద పడుకోబెట్టి కాలు మడిచి లోపలికి తిప్పేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఈసారి ఎక్స్‌రే తుంటికి తీశారు. కీలు అరిగిందట. మందులు, వ్యాయామాలు, వాటికి లొంగకపోతే తర్వాత ఆపరేషను.

"అంకుల్, ఆ రోజే చెప్పుంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి" అంది. తల దించుకున్నాను.

పక్కకు ఎలా తిరగాలో కూడా నేర్పింది. రెండు మోకాళ్ళూ మడవాలి. మధ్యలో దిండు పెట్టి, జారకుండా నొక్కి పట్టాలి. ముందు భుజం, తర్వాత కాలు అని విడివిడిగా కాకుండా ఒళ్ళంతా ఒకేసారి దొర్లించాలి. "కొన్నాళ్ళు ఎడమ పక్కనే పడుకోండి" అంది చివర్లో. మా ఆవిడ మొహం చిన్నబోయింది. ఎడమ అంటే గోడే కదా.

ఇంటికి వచ్చే దారిలో నాకు కత్తిరింపు బల్ల గుర్తొచ్చింది. ప్యాంటు కత్తిరించేటప్పుడు గుడ్డ చాలకపోతే ఒక ముక్కను తలకిందులుగా పరుస్తాం. నడుము వైపు పాదం, పాదం వైపు నడుము వస్తాయి. వారానికి రెండుసార్లు చేసే పని. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా నాకు మంచం మీద అది తోచలేదు. నిజం చెప్పాలంటే, గోడకు తిరిగి ఉండడం నాకూ వీలుగానే ఉండి ఉంటుంది.

గదిలోకి వెళ్ళి దిండ్లు రెండూ తీసి మంచానికి కాళ్ళవైపు వేశాను. "ఇదేం చోద్యం?" అంది. "పడుకో, చెబుతా" అన్నాను. ఎప్పటిలా బయటివైపు పడుకుంది. నేను గోడవైపు వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, మధ్యలో ఇంకో దిండు నొక్కిపట్టి ఎడమకు దొర్లాను. కలుక్కుమంది గాని కత్తెర పడలేదు. నా వీపు గోడకు వచ్చింది. జానెడు దూరంలో ఆవిడ మొహం ఉంది.

గబుక్కున దుప్పటి గుండెల మీదికి లాక్కుంది.

"అలా చూడకండి. సిగ్గేస్తోంది."

"నాకంటేనా?"

ఆవిడకు నవ్వు రాబోయి ఆగిపోయింది. నాకు మళ్ళీ నోరు కట్టుకుపోయేలా ఉంది. బలవంతాన విప్పాను. "ఆ జాకెట్టు కుట్లు ఘోరంగా ఉన్నాయే."

"చూశారా?"

"చూసి మూడు నెలలైంది."

"నా కొలతలు మీ పుస్తకంలో ఉన్నాయిగా" అంది.

"అవి పాతవి."

దుప్పటి పట్టుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"టేపెక్కడుంది?" అంది.

నా మెడలోనే ఉంది.