రేకు మీద చప్పుడు

బావ పాడిన వేసవి పాటలు ఆ ఏడు ఊరంతా మోగిపోయాయి. ఐస్‌క్రీమ్ బండి దగ్గర అవే, క్షౌరశాలలో అవే. వాటికి జోడీగా వాన పాటలు కూడా కలిపి ఒకే ఆల్బమ్‌గా తెమ్మని కంపెనీవాళ్లు వెంటపడ్డారు. రికార్డింగంతా బామ్మర్దిదే. మహా చెవి ఉన్నవాడని పేరు. దోమ వాలితే ఏ గోడ మీద వాలిందో చెప్పేస్తాడని స్టూడియోలో వేళాకోళం చేసేవాళ్లు.

అంత చెవి పెట్టుకుని వాడు ఏం వెలగబెట్టాడో వినండి.

చివరి పాటకి నిజం వాన కావాలన్నాడు బావ. అక్కావాళ్ల వంటింటి కిటికీ పైన రేకు ఉంది. దాని మీద చినుకు పడితే వినసొంపుగా ఉంటుంది. ఓ మధ్యాహ్నం మబ్బు పట్టగానే వాడు వెళ్లి, కిటికీ బయట మైకు కట్టి, మెషిన్ ఆన్ చేసి, తన పని మీద తాను పోయాడు. సాయంత్రం వచ్చి తీసుకుపోయాడు. వినిపించి ఆశ్చర్యపరుద్దామని బావకి చెప్పలేదు.

స్టూడియోలో వింటే వాన మధ్యలో దబ్, దబ్ మని బరువైన చప్పుడు. రేకు ఊడి గోడకి కొట్టుకుంటోంది కాబోలనుకున్నాడు. డప్పు కూడా ఇంత బాగా పలకదని మురిసిపోయాడు. రెండు రోజులు కూర్చుని దాన్ని పెంచి, ఒక్కో దెబ్బా కోసి, పాట తాళానికి అతికించాడు.

మూడో రోజు పొద్దున్నే అక్కని స్టూడియోకి పిలిచి వినిపించాడు. నిప్పులు చెరిగే ఎండల్లో కూడా పొడుగు చేతుల జాకెట్లు వేసుకు తిరిగిన మనిషి ఆమె. "ఎండాకాలం నీ ఒక్కదానికే రాలేదా ఏంటే?" అని తమ్ముడు ఏడిపించేవాడు కూడా. మూడో దెబ్బ వినపడేసరికి అక్క తల పట్టుకుంది.

"ఆపరా. అది రేకు కాదు."

"మరేంటి?"

"నా తల. కిటికీ చెక్కకేసి కొట్టాడు మీ బావ."

పాడటానికి వచ్చిన బావ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"చెరిపెయ్ బామ్మర్దీ" అన్నాడు నెమ్మదిగా.

"చెరపను."

మొదటి గుద్దుకే తమ్ముడి ముక్కు పగిలింది. బావ వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చి, చెయ్యి గడప మీద పెట్టి, బయటికి చప్పుడు పోకుండా వేయించిన ఆ బరువైన తలుపుని కాలితో తన్నాడు. మూడు వేళ్లు విరిగాయి. తర్వాత అక్క జడ గుప్పిట్లో చుట్టుకుని, "ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అన్నాడు.

అక్క ఇంటికి వెళ్లదలుచుకోలేదు. వెళితే మళ్లీ బయటికి రాదని ఆమెకి తెలుసు. చేతికందిన ఇనప మైకు స్టాండు తీసుకుని మొగుడి మోకాలి మీద ఒక్కటిచ్చింది. అతను కూలబడ్డాక భుజం మీద, ఆ తర్వాత దవడ మీద. లోకాన్ని మురిపించిన నోట్లోంచి పళ్లు రాలాయి. చాలక్కా అనాలని తమ్ముడికి తోచలేదు. తోచినా అనేవాడు కాదు.

బావ నేల మీద మూలుగుతున్నాడు. అక్క స్టాండు పక్కన పడేసి, తమ్ముడి వేళ్లకి రుమాలు చుట్టడం మొదలుపెట్టింది.

"పోలీసులకి ఫోన్ చేద్దామక్కా. వినిపిద్దాం."

"చేద్దాంలే. ముందు నాకొకటి చెప్పు. రెండు రోజులు విన్నావు కదరా. బాగుందనిపించిందా?"

వాడు తల దించుకున్నాడు.

"బాగుందక్కా" అన్నాడు, వెక్కి వెక్కి ఏడుస్తూ.