తప్పు నాదేనండి

మా ఆయన పనిచేసే రెస్టారెంట్లో కూర్చునే యోగం ఉన్నది రెండు రకాల మనుషులకే. తినడానికి వచ్చినవాళ్ళు ఒకరు, హెడ్ వెయిటర్ ఇంకొకరు. వీధి తలుపు పక్కన, కౌంటరును ఆనుకుని ఒక ఎత్తు స్టూలుంటుంది. ఎవరిని ఏ టేబులుకు పంపాలో దాని మీద కూర్చునే చూసుకోవచ్చు. మిగతావాళ్ళు తలుపులు తీసింది మొదలు వేసేదాకా నిలబడాలి. టేబుళ్ళన్నీ ఖాళీగా ఉన్నా సరే, గోడకు ఆనుకోకూడదు. ఆనుకుంటే గోడకు మరకలవుతాయట. మనిషికి ఏమవుతుందో ఎవరూ చూసినట్టు లేదు.

నేను చూశాను. మా ఆయన పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. ఇంటికొచ్చేసరికి పాదాలు బూట్లలోంచి బయటికి రామంటాయి. డాక్టరు బిగుతు మేజోళ్ళు రాసిచ్చి, "కూర్చుని చేసే పనేదైనా చూసుకోండి" అన్నాడు. అలాంటి పని మా కళ్ళెదుటే ఉంది, నాలుగు కాళ్ళ మీద. దాని మీద కూర్చున్న పెద్దాయన నెలాఖరుకు పని మానేస్తున్నాడు. ఆయన తర్వాత పాతవాళ్ళలో మా ఆయనే. యజమాని కూడా "నువ్వు కాక ఇంకెవరయ్యా" అన్నాడట. ఆ మాట వినగానే మా అత్తగారు ఆ స్టూలును సింహాసనం అనడం మొదలుపెట్టారు.

అయితే అక్కడొక కట్టుబాటుంది. వంటింట్లో ఏ పొరపాటు జరిగినా, టేబులు దగ్గర నిలబడ్డవాడు చేతులు కట్టుకుని "తప్పు నాదేనండి, ఇప్పుడే మార్చి తెస్తాను" అనాలి. వంటింటి ఊసెత్తకూడదు. వంటింటి పరువు పోతే వ్యాపారం పరువు పోతుందని యజమాని సిద్ధాంతం. వంటమాస్టరు ఆయన సొంత బావమరిది కావడం కేవలం యాదృచ్ఛికం. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ కోరిక వంటలో మాత్రం కనపడదు.

అందుకని చేప ఉడక్కపోతే తప్పు మా ఆయనది. కాఫీ చల్లారితే మా ఆయనది. ఒకసారి ఒకావిడ రొట్టెలో ఇంత పొడుగు వెంట్రుక తీసి చూపిస్తే, ఈయన తన బట్టతల వంచి మరీ తప్పు నాదేనండి అన్నారు.

ఇంకో వెయిటరున్నాడు. అందరూ పిల్లి అంటారు. తినేవాళ్ళు మొహం చిట్లిస్తే చాలు, అడుగుల చప్పుడైనా లేకుండా మాయమవుతాడు. అప్పుడు ఆ టేబులు దగ్గరికి పరిగెత్తేదీ మా ఆయనే.

ఒక రోజు ఈయన మేజోళ్ళు తీగ మీదే మరిచిపోయి వెళ్ళారు. మధ్యాహ్నం పట్టుకెళ్ళాను. మాలాంటివాళ్ళం వెనక గుమ్మంలోంచే వెళ్ళాలి కాబట్టి నేరుగా వంటింట్లో తేలాను. హాల్లోకి వెళ్ళే తలుపుకు గుండ్రటి అద్దముంది. అక్కడ నిలబడి ఈయన ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను.

వంటమాస్టరు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ఉప్పు పట్టుకుని ఉన్నాడు. మాటల మధ్యలో సూపులో ఒకసారి వేశాడు. అవతలివాళ్ళేదో జోకు చెప్పినట్టున్నారు, పడీ పడీ నవ్వి మళ్ళీ వేశాడు.

"అన్నా, ఉప్పు రెండుసార్లు పడింది" అన్నాను.

"ఇది ఇంట్లో వంట కాదమ్మా" అన్నాడు, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

సూపు కిటికీ పక్క టేబులుకు వెళ్ళింది. ఆ టేబులు పిల్లిది. బంగారు గడియారం పెట్టుకున్న పెద్దమనిషి, చుట్టూ బంధుబలగం. మొదటి చెంచాకే ఆయన మొహం మాడిపోయింది. మరుక్షణం పిల్లి నన్ను రాసుకుంటూ వంటింట్లోకొచ్చి, తళతళలాడుతున్న గ్లాసుల్ని తుడవడం మొదలుపెట్టాడు.

మా ఆయన వెళ్ళారు. తలుపు సందులోంచి మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఏమిటయ్యా ఇది, సూపా సముద్రమా?"

"తప్పు నాదేనండి. ఇప్పుడే మార్చి తెస్తాను."

"నీదెలా అవుతుందయ్యా? ఉప్పు నువ్వేశావా?"

ఈయన ఒక్కసారి మా తలుపు వైపు చూశారు.

"అవునండి."

"ఎందుకేశావు?"

ఈ ప్రశ్నకు జవాబు కట్టుబాట్లలో లేదు. "పొరపాటునండి" అన్నారు.

టేబులంతా గొల్లున నవ్వింది. పెద్దమనిషి మాత్రం నవ్వకుండా యజమానిని పిలిచాడు. "మీ వెయిటర్లు సూపుల్లో ఉప్పు పోస్తారటండీ! తనే ఒప్పుకుంటున్నాడు."

"ఇలాంటివాళ్ళను ఊరికే వదలను సార్" అన్నాడు యజమాని, సూపు ఎవరు కాచారో బాగా తెలిసినవాడు.

వెనక్కి తిరిగి చూస్తే వంటమాస్టరు గరిటె నాకి చూస్తున్నాడు. "కొంచెం పడిందిలే" అన్నాడు. "మీ ఆయన మంచోడమ్మా. సర్దుకుంటాడు."

నెలాఖరుకు స్టూలు ఎక్కింది పిల్లి.

ఆ కబురు మా ఆయన నోటినుంచి ముక్కలు ముక్కలుగా లాగాల్సొచ్చింది.

"యజమాని అసలేమన్నాడండీ?"

"నా మీద నమ్మకముందన్నాడు."

"నమ్మకం మీద కూర్చోలేం కదా. ఇంకా?"

"రోజూ ఏదో ఒక తప్పు ఒప్పుకునేవాణ్ణి స్టూలెక్కిస్తే మిగతావాళ్ళకేం చెప్పను అన్నాడు. పిల్లి మీద ఒక్క మాటైనా వచ్చిందా చూడు అన్నాడు."

"మీరే కదండీ ఒప్పుకోమన్నది అని అడగలేదా?"

"లేదు."

"మరేమన్నారు?"

మేజోళ్ళు లాక్కుంటూ "ఏమంటాను?" అన్నారు.

ఏమనుంటారో నాకర్థమైంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెయ్యని పాపం చెబితే మాత్రం ఒంటికి పట్టుకుంటుంది.

"పోనీలేరా, సింహాసనాలు మనకు అచ్చిరావు" అని మా అత్తగారు పక్కగదిలోకి వెళ్ళి ముక్కు చీదుకున్నారు.

మర్నాడు ఆయనకు సెలవు. మధ్యాహ్నం కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, ఫోనూ లేదు, నవ్వూ లేదు, తెలిసే వేశాను. అత్తగారికి రక్తపోటు కాబట్టి ఆవిడ చప్పిడి కూర ముందే తీసి పక్కన పెట్టాను. ఈయన నోటినుంచి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "ఇది నీ తప్పు" అనే మాట వినాలనిపించింది. అరిచినా పర్వాలేదు. కంచం విసిరినా పర్వాలేదు, ఏరుకుంటాను.

ఆయన కలుపుకున్నారు. మొదటి ముద్ద మింగారు. నీళ్ళు తాగారు. రెండో ముద్ద మింగారు.

"ఎలా ఉందండీ?"

"బాగుంది. నాకే నోరు బాలేదు."

అప్పుడే మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, చెయ్యి కడుక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "ఛీ! ఉప్పు విషం! ఏంటిది?"

ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ పట్టుకుని, బలం కూడదీసుకుని మరీ లేచారు. దాని కంచం అందుకుని "తప్పు నాదేనండి" అన్నారు. "ఇప్పుడే మార్చి తెస్తాను."

నాన్న వేళాకోళమాడుతున్నాడనుకుని అది పకపకా నవ్వింది. ఆయన మొహం చూశాక ఆపేసింది.

"కూర్చోండి" అన్నాను.

నా గొంతు యజమాని గొంతులా వినపడిందో ఏమో, వెంటనే కూర్చున్నారు. కుర్చీ అంచు మీద, వీపు ఆనించకుండా, కంచం చేతిలోనే పట్టుకుని.