కడగని బండి

"శుక్రవారం పూట వాకిట్ల గా బురద బండి ఏందిరా రఘూ? లక్ష్మి లోపటికి రావాల్నా, వద్దా?"

"ఉండనియ్యమ్మా. సాయంత్రం తమ్ముడొస్తడు. సూడాలె."

"ఏం సూస్తడు? బురద సూడనీకి గింత దూరం వస్తడా?"

"నా బిడ్డ బండి నడిపిన తీరు సూస్తడు."

చాయ్ దగ్గర మొదలైన ఈ లొల్లి సుందరమ్మ పూజ ముగిసినా తెగలేదు. ఆమె రెండుసార్లు బకెట్ పట్టుకుని గుమ్మం దాటింది. కొడుకు రెండుసార్లూ బకెట్ లాక్కుని లోపల పెట్టాడు. వంటింట్లో పోపు వేస్తున్న సూర్యప్రభకు భర్త ఆఖరి మాట స్పష్టంగా వినిపించింది. మెట్ల మీద కూర్చున్న కూతురు స్రవ్యకూ వినిపించే ఉంటుంది. ఆమె బూట్లకు అంటిన నల్లమట్టిని పుల్లతో గోకుతూనే ఉంది.

ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌లో వాళ్ళది చింతపండు టోకు దుకాణం. కాయ చెట్టు మీద ఉండగానే చూసి, తోట తోటంతా గుత్తకు మాట్లాడుకోవడం వాళ్ళ పద్ధతి. ఆ పని ఏళ్ళ తరబడి రఘునాథే చేశాడు. మోకాళ్ళు మొరాయించాక కూతుర్ని వెంట తీసుకెళ్ళాడు. తర్వాత ఆమె ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది. కొమ్మ వంచి, కాయ విరిచి, నాలుక మీద పెట్టుకుని స్రవ్య ధర చెబితే రైతులు మారు మాట్లాడేవారు కాదు. దుకాణంలో వాటా ఉన్న మరిది శ్రవణ్‌కుమార్‌కు మాత్రం ఆ పని తన కొడుకు అనురాగ్‌కు రావాలని ఆశ. నిన్న కారు దిగబడడంతో అతనికి దారి దొరికింది. కొనుగోలు పని స్రవ్య చేతిలో ఉంటుందా, పోతుందా అన్నది సాయంత్రం తేలుతుంది.

ఆ కారు దీపావళికి కొన్నారు. షోరూములో సేల్స్ కుర్రాడు ఓపికగానే చెప్పాడు. టూ వీల్ డ్రైవ్ అంటే ఇంజన్ బలం రెండు చక్రాలకే. ఆల్ వీల్ డ్రైవ్ అంటే నాలుగింటికీ. ఫోర్ బై ఫోర్‌లో నాలుగింటికీ బలం పంపడంతో పాటు, బురదలో మెల్లగా లాగడానికి లో గేర్ కూడా ఉంటుంది. మీరు చూస్తున్న దాంట్లో ముందు చక్రాలే లాగుతాయి సర్, ఈ గుండ్రటి మీట తిప్పితే జారే చక్రానికి బ్రేకు పడుతుంది, అంతే. మీట మీద బురద, ఇసుక, మంచు బొమ్మలున్నాయి. డిక్కీ మీద వెండి రంగు అక్షరాల్లో 'ఆల్ టెరైన్' అని ఉంది. రఘునాథ్ అన్నిటికీ తల ఊపాడు. గంజ్‌లో రెండోసారి అడిగినవాడు సరుకు తెలియనివాడని లెక్క. అందుకని అక్కడ ఎవరూ రెండోసారి అడగరు.

ఇంటికొచ్చేటప్పుడు సూర్యప్రభే అడిగింది. "ముందు చక్రాలే లాగుతయన్నడు కదా?"

"నీకు కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో యాదుండదు, బండి గురించి చెప్తవా?" అన్నాడు. మర్నాటి నుంచి గంజ్ అంతా ఫోర్ బై ఫోర్ కొన్నానని చెప్పుకున్నాడు.

నిన్న చూడబోయే తోట పెద్దదని స్రవ్యతో రఘునాథ్ కూడా బయలుదేరాడు. జహీరాబాద్ దాటాక నల్లరేగడి నేల. ముందురోజు చెడగొట్టు వాన పడింది. తోట దారి మొదట్లో స్రవ్య బండి ఆపేసింది.

"బాపూ, ఇక్కడి నుంచి నడుద్దాం. ఇది లోపటికి పోదు."

అప్పుడే గంజ్‌లో వాళ్ళ ఎదురు దుకాణం ప్రహ్లాద్ తన పాత జీపులో వచ్చి, లో గేర్ వేసే చిన్న కర్రను వెనక్కి గుంజి, బురదలో మెల్లగా పాక్కుంటూ వెళ్ళిపోయాడు.

"వాని డొక్కు జీపు పోంగ మనది పోదా? ఫోర్ బై ఫోర్ ఎందుకు కొన్న మరి, పెండ్లిళ్ళకు పోనీకా?"

"ఇది ఫోర్ బై ఫోర్ కాదు బాపూ. నీకు ముందే చెప్పిన."

"పోనియ్యి అంటున్న."

పోనిచ్చింది. ముందు చక్రాలు తిరిగి తిరిగి తమ గుంత తామే తవ్వుకున్నాయి. ట్రాక్టర్ దొరికి బండి బయటికి వచ్చేసరికి తోట ప్రహ్లాద్‌కు కుదిరిపోయింది. చుట్టూ చేరిన వ్యాపారుల ముందు రఘునాథ్ చేతులు దులుపుకుంటూ, "ఆడపిల్ల చేతికి స్టీరింగ్ ఇచ్చిన, తప్పు నాదే," అన్నాడు. అందరూ నవ్వారు. ప్రహ్లాద్ ఒక్కడు నవ్వలేదని స్రవ్య తల్లితో చెప్పింది.

ఇవాళ మధ్యాహ్నం స్రవ్యకు ఆ ప్రహ్లాద్ నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడి వంటింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ప్రహ్లాద్ కాక ఆయన దుకాణంల కొనుగోలు చూడమంటున్నడు అమ్మా. పోనా?"

ఎదురు దుకాణంలో ఇంటి ఆడపిల్ల పనికి కుదరడం గంజ్‌లో ఎన్నడూ లేదు. సూర్యప్రభ కంచం తీసి ముందు పెట్టింది. "ముందు అన్నం తిను," అంది.

సాయంత్రం శ్రవణ్‌కుమార్ కొడుకుతో సహా వచ్చాడు. రఘునాథ్ అతన్ని చాయ్ కూడా తాగనివ్వకుండా కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇల్లంతా వాకిట్లోకి వచ్చింది.

"సూడు. లక్షణమైన బండిని గిట్ల జేసి తెచ్చింది. నాలుగు చక్రాల బలమున్న బండి దిగబడ్డదంటే నడిపినోళ్ళ తప్పు గాదా?"

శ్రవణ్‌కుమార్ గోతం మూతి దగ్గరి సరుకును ఎన్నడూ నమ్మడు. ఇనప గొట్టం అడుగుదాకా గుచ్చి తీసిందే చూస్తాడు. కారును కూడా అలాగే వంగి వంగి చూశాడు. ముందు చక్రాల పైన బురద ముద్దలుగా కూరుకుపోయి ఉంది. అక్కడి నుంచి చిమ్మింది తలుపుల మీద గట్టిగా ఎండింది. వెనక చక్రాలకు అంటిన మట్టే తప్ప, చిమ్మిన జాడ లేదు. డిక్కీ మీద వెండి అక్షరాలు మెరుస్తున్నాయి.

"చిన్నాయ్నా, గుంత తవ్వినయి ముందు రెండే," అంది స్రవ్య. "వెనకవి ఉత్తగ వెంబడి వచ్చినయి. నాలుగూ లాగితే వెనక గూడ గట్లనే చిమ్ముతది గద."

శ్రవణ్‌కుమార్ లేచి అన్న ముఖంలోకి చూశాడు. రఘునాథ్ చూపు పక్కకు తిప్పుకున్నాడు. పొద్దుటి నుంచి కడగనివ్వకుండా కాపాడుకున్న బురద ఏం చెబుతోందో అప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు. మరిదికి మొత్తం అర్థమైందని సూర్యప్రభ గ్రహించింది. ఆ నిజం ఒక్క మాట అంటాడేమోనని అతని వైపే చూసింది.

"పోనీ తియ్యన్నా," అన్నాడు శ్రవణ్‌కుమార్. "పిల్లకింకా చెయ్యి తిరుగలే. ఈ సీజన్ అనురాగ్ పోతడు."

"అదే నేననేది," అన్నాడు రఘునాథ్. అతని గొంతు ఒక్కసారిగా తేలికపడింది. అనురాగ్ కారు తాళాల కోసం అప్పుడే చెయ్యి చాపాడు.

స్రవ్య తాళాలు ఇచ్చేసింది. ముఖంలో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండునని సూర్యప్రభకు అనిపించింది.

"ఇగనన్న కడుగుర్రి," అంది సుందరమ్మ.

అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. సూర్యప్రభ చాయ్ తెచ్చి ముందు అత్తకు, తర్వాత మరిదికి, ఆ తర్వాత భర్తకు, అనురాగ్‌కు ఇచ్చింది. ఆఖరి గ్లాసు స్రవ్య చేతిలో పెట్టి, ఖాళీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది.

"సోమవారం నుంచి స్రవ్య ప్రహ్లాదన్న దుకాణానికి పోతది," అంది, చక్కెర సరిపోయిందా అని అడిగినంత మెల్లగా. "కొనుగోలు పని. నేనే పొమ్మంటున్న."